పదమూడు, తోక

ఆదివారం తెల్లవారుజామున ఐదుంబావుకి మెకానిక్ తొమ్మిదో సైకిలుకి గాలి కొడుతున్నాడు. ఇంకా నాలుగున్నాయి. ఆ సైకిళ్లు గలవాళ్లకి చేతులున్నాయి, ఆ చేతులకి మెత్తలు కుట్టిన గ్లవ్సులున్నాయి, ఇళ్లల్లో తలా ఒక పంపూ ఉంది. అయినా గాలి మాత్రం షాపు మెకానిక్కే కొట్టాలి. ఒకాయనయితే పంపు కొన్న రోజే అట్టపెట్టెతో సహా అటక ఎక్కించేశానని అదో ఘనకార్యంలా చెప్పుకున్నాడు కూడా.

పిడిని కిందికి నొక్కినప్పుడల్లా రొమ్ము వెనకాల ఏదో బిగుసుకుంటోంది, చెయ్యి తీయగానే వదులుతోంది. అందుకని నాలుగుసార్లు కొట్టడం, వాల్వు చూస్తున్నట్టు కాసేపు వంగి ఉండిపోవడం, మళ్లీ నాలుగు కొట్టడం. రెండు వారాలుగా ఇదే వరస. మొన్న బుధవారం భార్య పోరు పడలేక ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరు కాగితం మీది గుండె గీతలు చూసి, మంగళవారం ఇంకో పరీక్ష చేయాలన్నాడు. ఆ లోపల సైకిలు ఎక్కితే తన పూచీ లేదన్నాడు. ఏం పని చేస్తుంటారని అడిగి, జవాబు విన్నాక ఆ మాటే ఇంకోసారి చెప్పాడు.

ఇవాళ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్తే వెళ్లండి. గాలి గీలి కొట్టకండి. షాపాయనతో ఒక్క మాట చెప్పేసి బస్సెక్కి వచ్చేయండి."

"చెప్తాలే."

"పోయిన వారమూ ఇదే అన్నారు."

"పోయిన వారం కాగితం లేదుగా."

"ఇప్పుడుంది. చొక్కా జేబులో పెట్టాను. నోరు రాకపోతే అదే చూపించండి. అదీ చేతకాకపోతే నేనే ఫోన్ చేసి చెప్తా."

ఆ మాటకి అతనికి ఒళ్లు మండింది. పెళ్లాం చేత సెలవు అడిగించుకునే మగవాళ్లని చాలామందిని చూశాడు, అందరినీ చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. "నువ్వు మధ్యలో దూరకు" అని చెప్పులేసుకున్నాడు. చెప్పాల్సిందల్లా ఇంతే: సార్, ఒంట్లో బాగాలేదు, ఇవాళ్టి నుంచి ఆదివారాలు రాలేను. ఈ మాత్రం మాట చిన్నపిల్లలు బళ్లో చెప్తారు.

అతనికి యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. చెవులు పక్కలకి తోసుకొచ్చి ఉంటాయి. ఎడమ బొటనవేలు ఎప్పుడో టైరు కింద పెట్టే ఇనుపపట్టీ జారి నలిగి, గోరుతో సహా చదునైపోయింది. గోళ్ల అంచుల్లో నలుపు ఏ సబ్బుకీ పోదు. ప్యాంటు కుడికాలు చైనులో పడకుండా బట్టలారేసే క్లిప్పు పెట్టుకుంటాడు, మధ్యాహ్నం ఇంటికెళ్లి పడుకునేదాకా దాన్ని తీయడం మరిచిపోతాడు. తొక్కే సైకిలు షాపులో ఒక్కొక్కరూ వద్దనుకుని పారేసిన ముక్కలతో తనే బిగించుకున్నది. దాని చక్రాలు రెండూ ఒక జాతివి కావు, బ్రేకులు ఒక కంపెనీవి కావు.

పాపం అని జాలిపడనక్కర్లేదు. అతగాడేం మహానుభావుడు కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే షాపులో పానాలు తిప్పుతూ అతను మనసుపెట్టి నేర్చుకున్న విద్య ఒక్కటే, మనుషుల్ని ఈసడించుకోవడం. వచ్చిన ప్రతివాడికీ లోపల ఒక పేరు పెట్టుకుంటాడు. హెల్మెట్‌కి అద్దం బిగించుకున్నాయన 'సోకు'. పెడలుకి అతుక్కునే బూట్లతో నెలకోసారి నడిరోడ్డు మీద పక్కకి కూలిపోయే ఆయన 'దుంగ'. ఆ పేర్లు ఒక్కటీ బయటికి రాలేదు. బయటికి వచ్చేది ఎప్పుడూ "బాగుంటుంది సార్" అన్న మాటే. తనకి వెళ్లాలనిపించిన చోటికి సైకిలు మీద వెళ్లిన జ్ఞాపకం అతనికి లేదు. కొడుక్కి సైకిలు నేర్పమంటే ఇంటికొచ్చాక దాని మొహం చూడలేనన్నాడు. వాడు పక్కింటాయన దగ్గర నేర్చుకున్నాడు.

ఐదున్నరకి, ఆదివారాలు కలిసి సైకిళ్లు తొక్కే బృందంతో షాపు నిండింది. ఒక గోడంతా హెల్మెట్లు, ఒక గోడంతా ఒంటికి అంటుకునే చొక్కాలు, మధ్యలో గాజుబల్ల, దాని మీద వంటింట్లో వాడే చిన్న తూకం మిషను. ఈ మిషను యజమాని తెలివి. వస్తువుని తూచి చూపిస్తే మనిషి ఆలోచించడం మానేస్తాడని కనిపెట్టిన రోజు నుంచి ఆయన దశ తిరిగింది. తండ్రి కాలంలో ఇదే గదిలో పంచర్లు వేసేవారు. ఇప్పుడు సలహాలు ఇస్తున్నారు.

"మీ హెల్మెట్‌కి గాలి కన్నాలు ఎన్ని?"

"ఇరవై రెండు."

"నాదానికి ఇరవై నాలుగు."

తలలో ఏముందని అన్ని కన్నాలు అనుకున్నాడు మెకానిక్, పన్నెండో సైకిలు వాల్వు మూత బిగిస్తూ. ఒకాయన కొత్త లైటు చూపిస్తున్నాడు. మూడు వందల మీటర్లు వెలుగు పడుతుందట. ఆయన ఎప్పుడూ తెల్లారాక తప్ప రోడ్డెక్కడు. ఇంకొకాయన నీళ్లసీసా పెట్టే చట్రాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, కళ్లు మూసుకుని, బరువు అంచనా వేస్తున్నాడు. కంసాలి దగ్గర కూడా ఇంత భక్తి కనిపించదు.

పళ్ల డాక్టరు గాజుబల్లని ఆనుకుని ఉన్నాడు. ఆనుకున్నది ఆయన పొట్ట. ఈ బృందంలో అందరికన్నా తేలికైన సైకిలు ఆయనది, అందరికన్నా వెనక వచ్చేదీ ఆయనే. ఆయన వెనక ఇక మెకానిక్ తప్ప ఎవరూ ఉండరు. మిషను మీద పాత సీటు పెట్టాడు, రెండొందల ముప్పై ఒకటి. తీసి కొత్తది పెట్టాడు, నూట నలభై రెండు.

"ఎనభై తొమ్మిది గ్రాములు బాబాయ్. ఏకంగా ఎనభై తొమ్మిది. తీసుకోనా?"

మెకానిక్ ఆ సీటు చూశాడు. చెక్కముక్కలా ఉంది. సన్నగా, ముక్కు పొడుగ్గా, ఎముకలు బయటికి కనిపించే పాతికేళ్లవాళ్లు పోటీల్లో కూర్చునే రకం. ఈ మనిషి దాని మీద పది కిలోమీటర్లు కూర్చుంటే పదకొండో కిలోమీటరు కూర్చోలేడు. పాత సీటు ఆయన ఒంటికి తగ్గట్టు రెండేళ్లుగా కుదురుకుని ఉంది. వద్దు సార్ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పది కిలోమీటర్లు దాటాక ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే అతనికి హాయిగా అనిపించింది.

"బాగుంటుంది సార్" అన్నాడు.

"అయితే బిగించెయ్ బాబాయ్. దీని మీదే వస్తా ఇవాళ."

మోకాళ్ల మీద కూర్చుని సీటు మార్చాడు. నట్టు బిగించేటప్పుడు బిగువు మెడదాకా వచ్చింది. చెమట కనుబొమ్మల్లోంచి కారి పానా మీద పడింది. లేచేసరికి యజమాని ఎదురుగా ఉన్నాడు. ముప్పై ఆరేళ్లవాడు, షాపు పేరున్న చొక్కా వేసుకున్నాడు. దుర్మార్గుడేం కాదు. తన వీపు వెనక జరిగేది కనిపించదు, అంతే.

"సార్, ఒక మాట" అన్నాడు మెకానిక్.

"టైర్లన్నీ చూశావా?"

"చూశాను."

"మరింకేం." అని రెండడుగులు వేసి ఆగి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఏం బాబాయ్, మొహం అలా ఉందేం? ఒంట్లో బాగోలేదా?"

ఇంతకన్నా ఏం కావాలి. అడగాల్సిన మాట ఆయనే అడిగాడు. కాగితం జేబులోనే ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా. అప్పుడే షాపులో మాటలు ఆగాయి. పన్నెండు మంది ఇటు తిరిగారు. రంగురంగుల చొక్కాల్లో పొట్టలు, పొట్టల పైన మొహాలు, ఆ మొహాల నిండా దయ. పళ్ల డాక్టరు నవ్వుతూ అన్నాడు, "బాబాయ్‌కి వయసైపోయింది సార్. ఒక రిక్షా చూసి కూర్చోబెట్టేద్దాం. మనమే తోద్దాం."

అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అదే అతనికి అరికాలి మంట నెత్తికెక్కించింది. కంట్లో దోమ పడితే బృందం మొత్తాన్ని ఆపేసేవాళ్లు, పిక్క పట్టేస్తే తల్లిని తలుచుకునేవాళ్లు, వీళ్ల ముందా తను గుండె పట్టుకుని నిలబడేది? వీళ్లా తనని తోసేది?

"నాకేం సార్, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు, జేబులోంచి చెయ్యి తీసేస్తూ.

వస్తూ వస్తూ పంపునీ పనిముట్ల సంచినీ భుజానికి తగిలించుకున్నాడు. ఆరింటికి పద్నాలుగు సైకిళ్లు రోడ్డెక్కాయి.

వీళ్లకొక పద్ధతి ఉంది. ప్రతి పెద్ద కూడలి దగ్గరా ముందున్న యజమాని ఆగి "లెక్క" అని అరుస్తాడు. తన నుంచే మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని వరసగా వెనక్కి చెప్పుకుంటూ పోవాలి. ఆఖరివాడు అంకె చెప్పకూడదు. "తోక" అనాలి. తోక వినిపిస్తే అందరూ ఉన్నట్టు. "తోక వినపడందే నేను కాలు కదపను, ఒక్కణ్ణి కూడా వదిలేసి పోము మేము" అని యజమాని కొత్తగా చేరినవాళ్లకి చెబుతుంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ తోక ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పనిముట్లు మోసేవాడే వెనకుంటాడు.

మొదట్లో నాలుగు వారాలు మెకానిక్ తనే చెప్పాడు. కూడలిలో కూరగాయల బండివాళ్లూ బస్సులో జనమూ చూస్తుండగా, నెరిసిన తలతో సైకిలు మీద కూర్చుని "తోక" అని అరవాల్సి రావడం అతనికి చచ్చే చావుగా ఉండేది. ఐదో వారం పళ్ల డాక్టరుతో మెల్లిగా అన్నాడు, "సార్, మీ అంకెతో పాటు నాదీ మీరే అనేయండి. నేనెక్కడికి పోతాను, మీ వెనకే కదా ఉండేది." ఆయనకి ఇది భలే సరదాగా తోచింది. ఆ రోజు నుంచి "పదమూడు, తోక" అని ఒకే ఊపిరిలో కలిపి చెప్పేస్తున్నాడు. మొదటిరోజు అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లయింది.

మొదటి కూడలిలో లెక్క సరిగ్గా వచ్చింది. రెండో కూడలిలోనూ వచ్చింది. గోడౌన్ల గోడ పక్కనుంచి వెళ్తుంటే ఎండ ఇంకా రాలేదు, గాలి చల్లగా ఉంది, బిగువు కాస్త తగ్గింది. చూశావా, ఏమీ లేదు అనుకున్నాడు మెకానిక్. డాక్టర్లంతా ఇంతే, సీట్లు అమ్ముకునేవాళ్లకీ వాళ్లకీ తేడా ఏముంది అనుకున్నాడు.

పది కిలోమీటర్లు దాటీ దాటగానే పళ్ల డాక్టరు సీటు మీద అటూఇటూ మెసలడం మొదలుపెట్టాడు. అనుకున్నట్టే జరిగింది. కానీ చూసి సంతోషించడానికి తీరిక దొరకలేదు. ఆయన పక్కకి ఆపి దిగిపోయాడు.

"బాబాయ్, దీని ముక్కు కాస్త కిందికి దించు. ఎక్కడెక్కడో గుచ్చుతోంది."

మళ్లీ మోకాళ్లు, మళ్లీ పానా. ముందు దించాడు, ఆయన కూర్చుని చూసి మరీ జారుతోందన్నాడు. ఎత్తాడు, గుచ్చుతోందన్నాడు. మిగతా పన్నెండు మందీ మలుపు తిరిగిపోయారు. ఆయన రోడ్డు మీద నిలబడి తొడలు రుద్దుకుంటూ, ఇంకా తేలికైన రకం ఒకటుందనీ, అందులో మెత్త మధ్యకి ఉంటుందనీ, అది తెప్పించాల్సిందనీ చెబుతున్నాడు. మెకానిక్ పైకి చూడకుండా నట్టు బిగిస్తున్నాడు. ఈసారి నొప్పి ఎడమచేతి మోచేయి దాకా దిగింది. ఒక్కసారి ఆ నట్టు ఎటు తిప్పాలో తెలియలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

"చాల్లే, ఇప్పుడు బాగుంది. పద, వాళ్లని అందుకుందాం" అన్నాడు డాక్టరు.

వంతెన ఎక్కడానికి రోడ్డు మెల్లిగా పైకి లేస్తుంది. పెద్ద ఎత్తేం కాదు. పైన రెండు రోడ్లు కలిసే చోట సిగ్నలు దగ్గర మిగతావాళ్లు ఆగి ఉన్నారు. డాక్టరు బుసలు కొడుతూ ముప్పై గజాలు ముందున్నాడు. మెకానిక్‌కి రోడ్డు అంచు గీత రెండుగా కనిపించింది. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడాయన. పళ్లకే అయినా డాక్టరే. మెకానిక్ నోరు తెరిచాడు.

తెరిచి, ఆయన వీపు చూశాడు. చెమటతో తడిసిన పసుపు చొక్కా, ఎనభై తొమ్మిది గ్రాములు తగ్గిన సీటు మీద పొర్లుతున్న నడుము. "ఆగండి సార్, నా వల్ల కావడం లేదు" అని ఆ వీపుకి చెప్పాలి. చెబితే ఆయన ఆగుతాడు, మిగతావాళ్లూ వస్తారు, నీళ్లసీసాలు తీస్తారు, గ్లవ్సులు తొడుక్కున్న చేతులతో విసురుతారు, వచ్చే ఆదివారం షాపులో దీన్ని కథలాగా చెప్పుకుంటారు. మెకానిక్ నోరు మూసుకున్నాడు. రెండు నిమిషాలు కూర్చుంటే సర్దుకుంటుంది. వీళ్లని అందుకోవడం ఎంతసేపు.

దిగి, సైకిలుని రెయిలింగుకి ఆనించాడు. సంచి భుజం నుంచి తీసి పక్కన పెట్టాడు. రెయిలింగుకి వీపు ఆన్చి కూర్చున్నాడు. కింద నీళ్లు ఎక్కడో రాయికి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఆదివారం పొద్దున కాబట్టి రోడ్డు మీద ఎవరూ లేరు, పైనుంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"లెక్క."

"ఒకటి... రెండు... మూడు..." కొన్ని గొంతులు చెప్పుకుంటూ వచ్చాయి. పదకొండు అన్నది దుంగ. పన్నెండు అన్నది సోకు. ఆ తర్వాత రొప్పుతూ, తల కూడా తిప్పకుండా, రెండేళ్ల అలవాటు మీద ఒకే ఊపిరిలో:

"పదమూడు, తోక."

"పదండి" అన్నాడు యజమాని.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. వెధవలు, వెనక్కి తిరిగి చూడటానిక్కూడా బద్ధకం అనుకున్నాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, లోపల కాగితం గరగరమంది. బూట్లు పెడళ్లకి అతుక్కున్న టకటకలు ఒకదాని తర్వాత ఒకటి వినిపించి, తర్వాత అవీ వినపడలేదు.

వంతెన అవతల ఒక కిలోమీటరు దూరంలో టీకొట్టు. ఆదివారం ఆరూ యాభైకి వీళ్లు వస్తారని ఆ కొట్టాయనకి తెలుసు. యజమాని దిగుతూనే "పద్నాలుగు" అన్నాడు. గ్లాసులు వచ్చాయి. పళ్ల డాక్టరు కూర్చోకుండా నిలబడే తాగుతూ కొత్త సీటు గుణగణాలు వర్ణిస్తున్నాడు. గుచ్చుతోందన్న సంగతి చెప్పలేదు. ఒంటికి అలవాటు కావాలన్నాడు. ఇద్దరు తమకూ అలాంటిదే కావాలన్నారు. లైటాయన పట్టపగలు లైటు వేసి ఎదురుగోడ మీద వెలుగు చూపించాడు.

బల్ల మీద ఒక గ్లాసు మిగిలింది.

"ఇదెవరిది?" అన్నాడు యజమాని. "బాబాయ్ ఏడి?"

"వెనకే ఉన్నాడు" అన్నాడు పళ్ల డాక్టరు.

"వెనకంటే ఎక్కడ?"

డాక్టరు రోడ్డు వైపు చూశాడు. వంతెన వైపు నుంచి ఎవరూ రావడం లేదు. ఆయన ఆలోచించాడు. సీటు సరిచేసి లేచినప్పుడు చూశాడు. ఆ తర్వాత ఎప్పుడు చూశాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"లెక్కలో చెప్పాను కదా" అన్నాడు చివరికి.

యజమాని ఫోన్ మోగింది. మెకానిక్ ఇంటి నుంచి.

"ఆయన ఫోను ఎత్తట్లేదు బాబూ. మీతో చెప్పారా లేదా అని చేశాను."

"ఏం చెప్పాలమ్మా?"

"చెప్పలేదన్నమాట. గుండెకి పరీక్ష ఉంది మంగళవారం. సైకిలు ఎక్కొద్దన్నారు. కాగితం జేబులో పెట్టాను, చూపించలేదా? మీ షాపులోనే ఉన్నారుగా. ఒక్కసారి ఆయనకివ్వండి ఫోను."

యజమాని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, రెండో చేత్తో సైకిలు వెతుక్కున్నాడు. ఆ వెతకడంలో ఆయన చెయ్యి ఎవరి సైకిలు మీద పడిందో ఆయనకే తెలియదు. అందరూ లేచారు. తాగినవాళ్లూ తాగనివాళ్లూ గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి బయల్దేరారు. ఆ బృందం అంత వేగంగా తొక్కడం అదే మొదటిసారి. పళ్ల డాక్టరు అందరికన్నా ముందు వెళ్లాడు.

మెకానిక్ రెయిలింగుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. తల కొద్దిగా పక్కకి వాలింది. పళ్ల డాక్టరు గ్లవ్సు పీకేసి మణికట్టు పట్టుకున్నాడు, మెడ దగ్గర చూశాడు, నేల మీద పడుకోబెట్టి రొమ్ము మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కాడు. తోటివాళ్లు ఆయన భుజం పట్టుకుని ఇక చాలన్నారు. ఆయన వినలేదు, నొక్కుతూనే ఉన్నాడు.

టీకొట్టాయనకి ఇదేమీ తెలియదు. ఏదో పడిపోయి ఉంటుంది, వెతుక్కోడానికి వెళ్లారు అనుకున్నాడు. పదమూడు గ్లాసులు కడిగి బోర్లించాడు. పద్నాలుగోది ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఆ చెవుల మనిషిదని ఆయనకి తెలుసు, వేడిగా లేకపోతే ఆ మనిషి తాగడనీ తెలుసు. అందుకని దాన్ని పొయ్యి పక్కకి జరిపి, మీద ఒక సాసరు మూత పెట్టాడు.